రెండో చెయ్యి

సువార్తల్ల ఒక గుడ్డాయన ఉన్నడు.
పేరు లేదు, ఊరిపేరు మాత్రం రాసిన్రు.
స్వస్థత కూటాల్ల ఆయన్ను ఎవ్వలు తలువరు,
క్రిస్మస్ నాటకంల ఆయన వేషం ఏ పిల్లగాడు కట్టడు.
ఎందుకంటే ఆయనకు ఒక్కసారికే చూపు రాలే.

ప్రభువు ఉమ్మి రాసి, చెయ్యి పెట్టి
ఏమన్న కనవడుతుందా అనడిగిండు.
ఆయన మొఖమాటపడలే.
కనవడుతున్నరు గని చెట్ల లెక్క ఉన్నరు,
నడుస్తున్నరు గాబట్టి మనుషులే అనుకుంట, అన్నడు.

సిరొంచ టేకు డిపోల
ముప్పైయొక్క ఏండ్లు దుంగలు లెక్కవెట్టిన్నేను.
చుట్టుకొలత, సుత్తిముద్ర, నంబరు, రిజిస్టరు.
చెట్లు నాకు తెలుసు.
నడిచే చెట్లు గూడ తెలుసు.
పొద్దుగూకంగ ప్రాణహిత ఒడ్డునుంచి
కట్టెల మోపులు వచ్చేటివి,
మోపు కింద రెండు పాదాలు, పాదాల కింద దుమ్ము.
మొఖాలు చూసిన యాది లేదు.
అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండె.

ఒక మోపు దగ్గర గొడ్డలి గుంజుకున్న.
"పొయ్యికే సా...ర్" అన్నది మోపు.
సార్‌ను సాగదీసి, తాడు వదిలినట్టు.
కట్టెలు దించి వట్టి తలతోని పోయింది.
ఆ వట్టి తలను గూడ చూడలే నేను,
బొటనవేలితోని గొడ్డలి పదును చూస్తున్న.
రసీదు రాయలే.

ఇప్పుడు రెండు కండ్లల్ల పొర.
ఆదివారం ప్రార్థనకు పోవాల్నంటే
నడుమ పెద్ద రోడ్డు, ఇసుక లారీలు.
ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంటది.
అరచెయ్యి నిండ కాయలు.
"గుంత ఉన్నది, పైలం సా...ర్."
దుర్గం పోసక్క.
నన్ను గుర్తువట్టిందా? అడగలే.
రెండు వానకాలాలు పోయినయి, ఇంకా అడగలే.

కండ్లు ముట్టుకోకముందు
ప్రభువు గూడ చెయ్యే పట్టుకున్నడు.
ఊరు దాటేదాక నడిపించిండు.
ఎంత దూరమో, ఏం మాట్లాడుకున్నరో
రాసినోళ్ళు రాయలే.
రాయి ఉన్నది చూసుకో అనడా,
దేవుని కొడుకైతే మాత్రం?
చూపు వచ్చిన జాగకంటె
నాకు ఆ తొవ్వ మీదనే పానం.

చంద్రపూర్ల ఒక కన్ను కోసిన్రు.
పట్టీ ఇప్పి డాక్టరమ్మ "దిసతయ్ కా బాబా?" అన్నది.
దిసతయ్ దిసతయ్ అని రెండుసార్లు చెప్పిన.
కనవడ్డదేమో తెల్లకోటు, దాని మీద మసక.
పెద్దోళ్ళు అడిగితే
మొత్తం బాగైందనే చెప్తం మనం.

మల్ల ఆదివారం సాక్ష్యం చెప్పుమన్నడు
గద్దల ఏలీయా పాస్టరు.
స్తోత్రం అనేతందుకు అందరు నోరు తెరిచి ఉన్నరు.
లేచిన. మైకు పట్టుకున్న.
"సగమే వచ్చింది" అన్న.
కంజెర పట్టుకున్న పిలగాడు చెయ్యి ఆపిండు.
ఎనుక ఎవలో దగ్గిన్రు.
"సగమే వచ్చింది. ఇంకోపారి చెయ్యి పెట్టుమని
అడుగుతున్న" అని కూసున్న.

గుడ్డాయనను ప్రభువు కసురుకోలే గద.
నా చెయ్యికి ఎదురు చెప్తవా అనలే.
మల్ల పెట్టిండు, అంతే.

బయట చెప్పులకాడ పోసక్క నిలవడ్డది.
నుదుటి మీద పచ్చబొట్టు, నడుమ అరిగిపోయి.
ఇన్నేండ్లకు చూసిన.
"కన్ను వచ్చె గద, ఒక్కనివే పోతవా సా...ర్?"
"సగమే అన్న గద" అని చెయ్యి చాపిన.

గొడ్డలి ఇంట్ల అటక మీద ఉన్నది.
డిపోల జమ చెయ్యలే నేను, ప్రభువా,
ఆ సంగతి మైకుల చెప్పలే.
పిడి చెదలు తిన్నది.
నిన్న బజారుకు పోయి తుమ్మపిడి కొన్న.
రసీదు అడిగిన.
గొడ్డలిపిడికి రసీదేంది తాతా అని నవ్విండు దుకాణపాయన.
రాయి బిడ్డా అన్న.
రాసిండు. అక్షరాలు చీమల్లెక్క ఉన్నయి,
నడుస్తున్నయి.